ఎర్ర పెన్నుతో రాసిన "హై రిస్క్"

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఓ ఆసుపత్రి వాళ్లు ఉచిత వెన్నెముక క్యాంపు పెట్టారు. రెండు ప్లాస్టిక్ టేబుళ్లు, ఒక ఫ్లెక్సీ, కొక్కేనికి వేలాడదీసిన వెన్నెముక బొమ్మ, తెల్లకోట్లు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు. చేతికి ఒక పేజీ ఫారం ఇచ్చారు. వయసెంత, బరువెంత, రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటారు, బైకు నడుపుతారా, ఇదివరకు నడుం నొప్పి వచ్చిందా. నాకు 46 ఏళ్లు. పొట్ట ఉంది. ఆడిటర్ ఆఫీసులో ఉద్యోగం కాబట్టి పొద్దస్తమానం కుర్చీలోనే. కుర్రాడు మార్కులు కూడి ఎర్ర పెన్నుతో "హై రిస్క్" అని రాశాడు, దాని చుట్టూ ఓ సున్నా చుట్టాడు, కాగితానికి ఎంఆర్‌ఐ స్కానింగ్ డిస్కౌంటు కూపను పిన్ను కొట్టి ఇచ్చాడు.

నా వెనకాల మా వాచ్‌మన్ నిలబడ్డాడు. పాతికేళ్లు ఉంటాయేమో. సన్నగా ఉంటాడు, కుర్చీలో కూర్చునే పని కాదు, బైకు లేదు. అతనికి "లో రిస్క్" వచ్చింది. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, 20 లీటర్ల వాటర్ టిన్ను భుజానికెత్తుకుని మెట్లెక్కాడు. మా లిఫ్టు పాడై అప్పటికి వారం. అలాంటి టిన్నులు పొద్దున పూట పదిహేను దాకా పైకి చేరవేస్తాడు. బరువులెత్తుతారా అన్న ప్రశ్న ఆ ఫారంలో లేదు. కూపను వాడుకోగలిగిన వాళ్లకే రిస్కు ఉన్నట్టు తయారుచేశారేమో అనిపించింది.

నాకెందుకంత మంట అంటే, ఇలాంటి కాగితం ఒకటి రెండేళ్ల కిందట నన్ను ఎనిమిది నెలలు మనిషిని కాకుండా చేసింది. ఆ సంగతికి వస్తాను. ముందు అసలు దేని రిస్కు లెక్కగడుతున్నామో తేల్చుకోవాలి.

2020లో ప్రపంచం మొత్తం మీద 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకి చేరుతుందని గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అధ్యయనం అంచనా వేసింది. ప్రాణం తీయకుండానే మనిషిని మూల కూర్చోబెట్టే బాధల్లో దీనిదే మొదటి స్థానం. ఇంతమందికి వచ్చేదాన్ని పట్టుకుని "మీకు వచ్చే అవకాశం ఎక్కువ" అని చెప్పడం పెద్ద విద్యేమీ కాదు. వీటిలో 90 శాతం దాకా ఫలానా ఎముక, ఫలానా నరం అని వేలు పెట్టి చూపించలేని రకమే. చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. కొన్నాళ్లకి మళ్లీ పలకరిస్తాయి. ఒకసారి వచ్చినవాళ్లకే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఆ ఒక్క ప్రశ్న వరకు క్యాంపు ఫారానికి మార్కులు వేస్తాను.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. నడుం నొప్పి రాకడ కూడా దాదాపు అంతే. దాని పోకడ మాత్రం కొంత పసిగట్టవచ్చు. ఎవరికి మూడు వారాల్లో పోతుంది, ఎవరికి మూడేళ్లయినా పోదు, ఎవరికి కూలి పోగొడుతుంది, ఎవరిని లేనిపోని ఆపరేషను బల్ల మీదకి ఎక్కిస్తుంది? లెక్కగట్టాల్సిన రిస్కు ఇదీ అని నా వాదన. దానికి స్కానింగ్ కన్నా నాలుగు మంచి ప్రశ్నలే ఎక్కువ పనికొస్తాయి.

ఇక నా కథ. రెండేళ్ల కిందట కార్తీక మాసంలో ఒక రోజు, ఉదయం ఏడు దాటింది. వంటింట్లో నీళ్లయిపోయాయని కొత్త టిన్ను మూత పీకి, స్టాండు మీద బోర్లించడానికి ఎత్తాను. అదే సమయానికి బావమరిది ఫోను. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూనే టిన్నుతో సహా పక్కకి తిరిగాను. నడుం కింది భాగంలో చటుక్కుమంది. టిన్ను ఎలాగో గట్టు మీద పడింది, సగం నీళ్లు నా కాళ్ల మీద. నేను మాత్రం గట్టు పట్టుకుని వంగినవాణ్ని వంగినట్టే ఉండిపోయాను. నేల మీద పడ్డ ఫోనులోంచి "బావా, వినపడుతోందా?" అని ఒకటే కేక.

మా అమ్మ వెంటనే వైద్యం మొదలుపెట్టింది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే నడుం పట్టు వదులుతుందని ఆవిడ నమ్మకం. కింది ఫ్లాటులో అలాంటి పిల్లాడున్నాడని వాకబు చేసి మరీ పిలుచుకొచ్చింది. వాడు ఐదో తరగతి. అంకుల్‌ని ఎలా తన్నాలా అని సిగ్గుపడిపోతూ మూడుసార్లు పాదం ఆనించి, మళ్లీ సాక్సులు వేసుకుని స్కూలు బస్సుకి పరిగెత్తాడు. తగ్గలేదు కానీ, ఆ వైద్యం నాకు చెరుపేమీ చేయలేదు. చెరుపు చేసింది నాలుగో రోజు తీయించుకున్న ఎంఆర్‌ఐ.

రిపోర్టు రెండు పేజీలు. ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం కింది పూసల మధ్య, మెత్తటి దిండులా ఉండే డిస్కు ఉబ్బింది, ఎల్5-ఎస్1 దగ్గర అరుగుదల, నరం వేరుకి కొంచెం తగులుతోంది. చూసిన డాక్టరుగారు ఫిల్మును లైటుకి పెట్టి, "గ్యాప్ వచ్చేసిందండీ. ఇక బరువులెత్తొద్దు, వంగొద్దు, కింద కూర్చోవద్దు" అన్నారు. నాకు కాలు లాగడం లేదు, తిమ్మిరి లేదు, అప్పటికే మొదటి రోజు మీద నొప్పి సగానికి తగ్గింది. అయినా ఆ "గ్యాప్" అన్న మాట నెత్తిన కూర్చుంది. నడుం బెల్టు కొన్నాను. పాప స్కూలు బ్యాగు ముట్టుకోవడం మానేశాను. పెళ్లిళ్లలో పీటల మీద అక్షతలు వేయడానికి కూడా వంగకుండా నిలబడి విసిరేవాణ్ని, అవి పురోహితుడి మీద పడేవి. రాత్రిళ్లు పక్క మీద తిరగాలన్నా టెన్షనే.

చాలా రోజుల తర్వాత తెలిసింది. 1994లో అమెరికాలో నడుం నొప్పి అన్నదే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీస్తే, అన్ని డిస్కులూ సవ్యంగా ఉన్నవాళ్లు 36 శాతమేనట. సగం మందికి పైగా ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బే ఉంది. 2015లో ఇలాంటి పరిశోధనలు 33 కలిపి, నొప్పి లేని 3,110 మంది వివరాలు చూశారు. 20 ఏళ్ల వయసులోనే 37 శాతం మందిలో డిస్కు అరుగుదల కనపడింది. 80 ఏళ్ల వాళ్లలో 96 శాతం. నలభై దాటాక కంటికి చత్వారం వస్తుంది. కళ్లజోడు పెట్టుకుంటామే కానీ, కన్ను పాడైపోయిందని పుస్తకం మూసేసి కూర్చోం. డిస్కు విషయంలో మాత్రం అచ్చంగా అదే చేస్తున్నాం. నా 46 ఏళ్ల నడుములో ఏమీ కనపడకపోతే ఆశ్చర్యపోవాలి.

మరి ఆ రోజు టిన్ను బరువే నా కొంప ముంచిందా? ఆస్ట్రేలియాలో సిడ్నీ పరిశోధకులు, హఠాత్తుగా నడుం పట్టేసిన 999 మందిని పట్టుకుని, దానికి ముందు గంటల్లో ఏం చేశారో ఆరా తీశారు. వంకరగా, ఇబ్బందిగా ఉన్న భంగిమలో పని చేసినప్పుడు ముప్పు 8 రెట్లు. పని చేస్తూ పరధ్యానంలో ఉంటే 25 రెట్లు. ఈ రెండో అంకెలో అటూ ఇటూ తేడాకి చాలా చోటుంది కాబట్టి దాన్ని మరీ గట్టిగా పట్టుకోను. ఎక్కువమందికి పట్టేసింది ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 12 లోపు. నా ఏడు గంటలు, నా పక్కకి తిరగడం, నా బావమరిది ఫోను, అన్నీ అందులో ఉన్నాయి. అదే బృందం వాతావరణాన్ని కూడా పరిశీలించి దానికీ నొప్పికీ సంబంధం లేదని తేల్చింది. ముసురు పట్టింది కాబట్టి నడుం లాగుతోందని అనే మా అమ్మకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

కుర్చీ గురించి కూడా ఒక మాట. "కూర్చుంటే నిలబడినదానికన్నా డిస్కు మీద ఒత్తిడి ఎక్కువ" అని ప్రతి ఆఫీసులోనూ చెబుతారు. అది 1960ల్లో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ డిస్కులోకి సూది పంపి కొలిచిన కొలతల నుంచి వచ్చిన మాట. 1999లో జర్మనీలో విల్కే బృందం ఒక మనిషి డిస్కులో సెన్సరు పెట్టి కొత్తగా కొలిస్తే, వెనక్కి జారగిలబడి కూర్చున్నప్పుడు నిలబడినదానికన్నా ఒత్తిడి తక్కువే ఉంది. అదే మనిషి నడుం వంచి 20 కిలోలు ఎత్తినప్పుడు మాత్రం 2.3 మెగాపాస్కల్స్, అంటే మన కారు టైరులో గాలి ఒత్తిడికి దాదాపు పది రెట్లు. ఒంటికి దగ్గరగా పట్టుకున్నప్పుడు అందులో సగం. కొలిచింది ఒకే ఒక్క మనిషిని కాబట్టి దీన్ని వేదంగా తీసుకోనక్కర్లేదు. కానీ 20 కిలోలంటే సరిగ్గా మా వాటర్ టిన్ను. క్యాంపు ఫారం కుర్చీకి మార్కులు వేసి టిన్నుని వదిలేసింది.

అలాగని బరువే సర్వం అనుకుంటే అదీ పప్పులో కాలేయడమే. ఫిన్లండ్‌లో కవల సోదరుల మీద ఏళ్ల తరబడి జరిగిన అధ్యయనంలో, అన్నయ్యది ఒక పని, తమ్ముడిది ఇంకో పని అయినా డిస్కుల అరుగుదల ఇద్దరిలో చాలావరకు ఒకేలా ఉంది. పుట్టుకతో వచ్చిన వాటా అంత పెద్దది. అమెరికాలో బోయింగ్ విమానాల ఫ్యాక్టరీలో 3,020 మందిని కొన్నేళ్లపాటు గమనించి 1991లో ప్రకటించిన ఫలితాలైతే చాలామందిని ఉలిక్కిపడేట్టు చేశాయి. చేసే పని దాదాపు ఎప్పుడూ నచ్చదన్న వాళ్లు, దాదాపు ఎప్పుడూ నచ్చుతుందన్న వాళ్లకన్నా 2.5 రెట్లు ఎక్కువగా నడుం దెబ్బ గురించి ఫిర్యాదు చేశారు.

ఈ దారిలోనే ఇంగ్లండ్‌లోని కీల్ యూనివర్సిటీ వాళ్లు 2008లో స్టార్ట్ బ్యాక్ అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి తయారుచేశారు. నొప్పి వచ్చినవాళ్లని లో, మీడియం, హై అని మూడు గుంపులు చేసి, ఎవరికి ఎంత వైద్యం కావాలో తేల్చడానికి. గత రెండు వారాల్లో నొప్పి కాలికి పాకిందా, భుజమో మెడో నొప్పిగా ఉందా, కొద్దిదూరమే నడవగలుగుతున్నారా, బట్టలు వేసుకోవడం ఆలస్యమవుతోందా అన్నవి మొదటి నాలుగు. మిగతావి మనసు వైపువి. ఈ స్థితిలో ఒళ్లు కదిలించడం ప్రమాదమనుకుంటున్నారా, దిగులు పట్టుకుందా, ఇది ఎప్పటికీ తగ్గదనిపిస్తోందా, ఇదివరకు ఇష్టమైనవి ఇప్పుడు రుచించడం లేదా, మొత్తం మీద ఎంత ఇబ్బంది పెడుతోంది. 3 లేదా అంతకన్నా తక్కువ వస్తే లో. అంతకన్నా ఎక్కువ వచ్చి, చివరి అయిదింటిలోనే 4 గానీ 5 గానీ ఉంటే హై, లేకపోతే మీడియం.

ఒక రాత్రి కూర్చుని నా పాత నొప్పికి ఈ లెక్క వేసుకున్నాను. ఎంఆర్‌ఐకి ముందు రోజు: దూరం నడవలేను, ప్యాంటు తొడుక్కోవడానికి పావుగంట, ఇబ్బంది చాలా ఉంది. మొత్తం 3, లో రిస్క్. రిపోర్టు చదివిన మర్నాడు: ఆ మూడూ అలాగే ఉన్నాయి, వాటికి తోడు కదిలితే ప్రమాదం, దిగులు, ఇక తగ్గదు, ఏదీ రుచించదు. మొత్తం 7, హై రిస్క్. నడుములో ఆ రెండు మూడు రోజుల్లో ఏమీ మారలేదు. మారింది నా చేతిలో కాగితం. రిస్కు తెలుసుకోవడానికని వెళ్లి దాన్ని రెండింతలు చేసుకొచ్చాను.

కథ ఇక్కడితో ఆపేస్తే "అంతా మనసులోనే ఉంది" అన్నట్టు తేలుతుంది. ఆ మాట నాకు అసలు నచ్చదు. అది మా పిన్ని ముందు అని చూడండి.

మా పిన్నికి 54 ఏళ్లు. పశ్చిమ గోదావరిలో డెల్టా కాలువ పక్క పల్లె. పదహారో ఏట నుంచి ఊడ్పులకి వెళుతోంది. ఊడ్పులంటే పొలం గట్టున నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్లకి అందంగా ఉంటుంది. పిక్కల దాకా బురద, మోకాళ్లు వంచడానికి లేదు, నడుం దగ్గర రెండుగా మడిచి, ఎడమ చేతిలో నారు కట్ట, కుడి బొటనవేలితో మొక్క గుచ్చుకుంటూ వెనక్కి వెనక్కి నడవాలి. నడుం ఎత్తడమంటే వరుసలో వెనకబడడం. జట్టంతా ఎకరానికి ఇంత అని గుత్తకు ఒప్పుకుంటుంది కాబట్టి ఒక్క మనిషి వెనకబడితే పక్కవాళ్లకి కోపం. సీజనులో సాయంత్రం గట్టెక్కాక, చేతులు రెండూ నడుం వెనక పెట్టి కాసేపు ఆకాశం కేసి చూస్తుంది. అదే ఆవిడ ఫిజియోథెరపీ.

ఆవిడకి ఫోన్లో తొమ్మిది ప్రశ్నలూ చదివాను. కాలికి పాకుతుంది, భుజాలు నొప్పే, చీర కట్టుకోవడం ఆలస్యమే, బాధ బాగా ఉంది. దిగులు, నిరాశ లాంటివి అడిగితే "ఎందుకురా?" అంది. కదిలితే ప్రమాదమనుకుంటున్నావా అని అడిగాను.

"ప్రమాదమో కాదో నాకేం తెలుసు నాన్నా, రేపు జట్టు ఐదింటికే బయల్దేరుతుంది. ఆ కాయితంలో అదేమన్నా ఉందా?"

లేదు. లెక్క ప్రకారం ఆవిడ 4 మార్కులతో మీడియం. ఆ తొమ్మిది ప్రశ్నల్లోనూ సెలవు దొరుకుతుందా, పడుకుంటే కూలి పోతుందా, పనిలో నడుం ఎత్తే వీలుందా అన్నవి లేవు. పని నచ్చుతుందా అన్న బోయింగ్ ప్రశ్న ఆవిడని అడగడానికి నాకు నోరు రాలేదు. ఇంగ్లండ్‌లో క్లినిక్కుకి వచ్చేవాళ్ల కోసం చేసిన కొలబద్ద అక్కడ బాగానే పనిచేసింది, 2011లో దాని మీద జరిగిన ట్రయల్ ఆ సంగతి చూపించింది కూడా. కానీ దాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చి మా పల్లెలో పరిస్తే, అక్కడి అసలైన రిస్కు కాగితం అంచుల బయటే ఉండిపోతుంది.

పైగా మన దగ్గర నడుం నొప్పి ఆడవాళ్లని ఇంకో దారిలోకి నెడుతుంది. పిన్నికి 33వ ఏట గర్భసంచి తీసేశారు. నడుం నొప్పి, తెల్లబట్ట అని చూపించుకోవడానికి టౌనుకి వెళ్లింది. "ఉంచితే క్యాన్సరవుతుంది" అన్నారట. పిల్లలు పుట్టేశారు కదా అని ఇంట్లోవాళ్లూ సరేనన్నారు. నొప్పి అలాగే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా 3 శాతం చిల్లరైతే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం దాటింది. అన్నీ నడుం నొప్పికే జరిగాయని అనను, అవసరమై చేసినవి ఉంటాయి. కానీ అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు తొందరగా గుల్లబారతాయి. నడుం కోసం వెళ్లి నడుముకే చేటు తెచ్చుకోవడమన్నమాట. ఈ రెండు రాష్ట్రాల్లో ఆడవాళ్ల నడుం నొప్పికి రిస్కు లెక్కగట్టేవాళ్లు "గర్భసంచి తీయించుకోమని ఎవరన్నా చెప్పారా?" అని అడగకపోతే, మిగతావన్నీ అడిగి ఏం లాభం?

ఇక నిజంగా భయపడాల్సినవి కొన్ని ఉన్నాయి. క్యాంపు ఫారంలో ఇవీ లేవు. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గిపోవడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి ఉంటే మన దేశంలో వెన్ను టీబీని గుర్తు చేసుకోవాలి. ఇదివరకు క్యాన్సర్ వచ్చినవాళ్లు, పెద్దవయసులో జారిపడ్డవాళ్లు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్లు ఆలస్యం చేయకూడదు. మా ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ల దగ్గర సూది వేయించుకునేవాళ్లలో చాలామందికి అందులో స్టెరాయిడ్ ఉందో లేదో తెలియదు. మూత్రం బిగబట్టినట్టు ఆగిపోయినా, కూర్చుంటే కుర్చీకి ఆనే చోట స్పర్శ పోయినా, కాళ్లు చచ్చుబడుతున్నా అది ఆ పూటే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన సంగతి. ఎంఆర్‌ఐ అసలు ఇలాంటివాళ్ల కోసం. డిస్కౌంటు కూపనుతో తీయించుకునే సరదా కాదు.

నా నొప్పి ఎలా పోయిందో చెప్పలేదు కదూ. గొప్ప వైద్యమేమీ కాదు. ఎనిమిదో నెలలో ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి నా బెల్టు తీసి పక్కన పెట్టి, "సార్, ఈ స్టూలు ఎత్తండి" అంది. చెమటలు పట్టాయి. ఎత్తాను. ఏమీ కాలేదు. మర్నాటి నుంచి కృష్ణ కట్ట మీద నడక. బెల్టు నొప్పిని రానీయకుండా ఆపదని 2016 నాటికే పాత పరిశోధనలన్నీ కలిపి చూసి తేల్చారు. వ్యాయామం, దానితోపాటు కొంచెం అవగాహన ఉంటే నొప్పి వచ్చే ముప్పు 45 శాతం తగ్గుతోందని కూడా అందులోనే ఉంది. దీర్ఘకాలపు నడుం నొప్పికి బెల్టులు, బరువులు కట్టి లాగడాలు వద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. 2024లో ఆస్ట్రేలియాలో నొప్పి తగ్గిన 701 మంది మీద జరిపిన ట్రయల్‌లో, మామూలుగా ఉన్నవాళ్లలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 112 రోజులు పడితే, నడక అలవాటు చేసినవాళ్లలో సగం మందికి 208 రోజులు పట్టింది. పూర్తిగా రాకుండా పోలేదు, గమనించండి. నాకూ మొన్న వేసవిలో ఓసారి పట్టేసింది. ఆరు రోజులు మూలిగాను, ఆఫీసుకి వెళ్లాను, పోయింది. ఈసారి ఫిల్ము తీయించుకోలేదు.

ఈ నడక సలహా పిన్నికి చెప్పే ధైర్యం లేదు. పొలానికి వెళ్లి రావడమే ఆవిడకి ఐదు కిలోమీటర్లు. ఆవిడ రిస్కు తగ్గాలంటే వంగి చేసే గంటలు తగ్గాలి, మధ్యలో నడుం ఎత్తినా కూలి తగ్గకూడదు. మా వాచ్‌మన్‌ది తగ్గాలంటే లిఫ్టు బాగవ్వాలి. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఎత్తే బరువు 23 కిలోలు దాటకూడదని అమెరికాలో పనివాళ్ల ఆరోగ్య భద్రత చూసే నియోష్ సంస్థ లెక్క. మన సిమెంటు బస్తా 50 కిలోలు. మా వైపు ధాన్యం బస్తా అంటే లెక్కకి 75. 2018లో యూరియా బస్తాని 50 నుంచి 45 కిలోలకి తగ్గించారు, అదీ ఎరువు వాడకం తగ్గించాలని. మోసేవాడి నడుం గుర్తొచ్చి కాదు.

నిన్న సాయంత్రం అసోసియేషన్ మీటింగులో లిఫ్టు సంగతి ఎత్తాను. మెకానిక్కు చెప్పిన ఎస్టిమేటు చూసి అందరూ నీళ్లు నమిలారు. అప్పటిదాకా పది లీటర్ల టిన్నులు తెప్పించుకుందామన్నాను. లీటరుకి రూపాయి చిల్లర ఎక్కువ పడుతుందని మూడో అంతస్తు ఆయన లెక్క చెప్పాడు. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుందామని లేచారు. మేం కుర్చీలు మడుస్తుంటే వాచ్‌మన్ వచ్చి, "వదిలేయండి సార్, నేను సర్దుతా" అని ఆరు కుర్చీలూ ఒకేసారి ఎత్తుకుపోయాడు.